నది మారింది, మీ పట్టికలు మారలేదు: జల పరిశోధకులకూ, జలాశయాలు నడిపే ఇంజినీర్లకూ బహిరంగ లేఖ

గౌరవనీయులైన జలశాస్త్ర పరిశోధకులకు, జలాశయాల నిర్వహణ చూస్తున్న ఇంజినీర్లకు, వారి పై అధికారులకు నమస్కారం.

నేను శాస్త్రవేత్తను కాను. ఒక నది ఒడ్డున 31 ఏళ్లు గేజీ చూసిన మనిషిని. రోజూ పొద్దున ఎనిమిదింటికి మెట్లు దిగడం, నీళ్లలో నిలబెట్టిన స్కేలు మీద మట్టం చూడడం, పుస్తకంలో రాయడం, పైకి కబురు పంపడం నా పని. వరద రోజుల్లో గంటకోసారి, అర్ధరాత్రయినా సరే. మీరు గీసే గ్రాఫుల్లో ఒక్కో చుక్క వెనక నాలాంటివాడొకడు గొడుగు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను.

బహిరంగంగా ఎందుకంటే, లోపలి దారిలో ఐదుసార్లు రాశాను. ఉద్యోగంలో ఉండగా మూడుసార్లు, దిగిపోయాక రెండుసార్లు. విషయం చిన్నదే. వరుసగా వచ్చిన రెండు పెద్ద వరదలకు మా స్టేషన్ దగ్గర నది అడుగు కోసుకుపోయింది. ఇసుక తవ్వకం దానికి తోడైంది. గేజీ మీద నాలుగు మీటర్లు కనిపిస్తే మునుపటికంటే ఎక్కువ నీరు పోతోంది. మట్టాన్ని ప్రవాహంగా మార్చే పట్టిక మాత్రం పాతదే. మళ్లీ కొలవండి, పట్టిక మార్చండి అని వేడుకున్నాను. మొదటి రెండు ఉత్తరాలకు జవాబు లేదు. మూడోదానికి ‘తమ విజ్ఞప్తి పరిశీలనలో ఉన్నది’ అని ఒక్క వాక్యం వచ్చింది. నేను రిటైరయ్యాక నా పోస్టు భర్తీ చేయలేదు. మెట్ల పక్కన ఒక సెన్సరు బిగించి వెళ్లారు. ఆ తర్వాత వచ్చిన మొదటి పెద్ద వరద రాత్రి అది మూగబోయింది. దిగువ ఊళ్లవాళ్లు ఫోన్ చేసింది నాకు, ఇంట్లో పడుకున్న ముసలివాడికి. టార్చి పట్టుకుని వెళ్లి చూసి చెప్పాను.

ఆ నది పేరు రాయడం లేదు. రాస్తే ఇది ఒక ఆఫీసు మీద ఫిర్యాదుగా మిగిలిపోతుంది. ఈ జబ్బు ఒక్క నదికి పట్టింది కాదు.

వాతావరణం మారుతోందని మాకు చెప్పింది మీరే. భూమి సగటు ఉష్ణోగ్రత 1850–1900 నాటితో పోలిస్తే 2011–2020 దశాబ్దంలో సుమారు 1.1 డిగ్రీలు ఎక్కువని, 2024లో ఆ తేడా ఒకటిన్నర డిగ్రీలు దాటిందని మీరే లెక్క తేల్చారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టగల తేమ దాదాపు 7 శాతం పెరుగుతుందని చదివాను. అందుకే వాన పడితే కుమ్మరిస్తోంది. పడనప్పుడు అదే వేడి గాలి నేలలోని చెమ్మను, చెరువులోని నీటిని పీల్చేస్తోంది. 2023లో ప్రపంచ నదుల పరిస్థితి గత 33 ఏళ్లలోకెల్లా పొడిగా ఉందని ప్రపంచ వాతావరణ సంస్థ తేల్చింది. అదే ఏడాది సెప్టెంబరులో లిబియాలోని డెర్నా నగరంలో పేటలకు పేటలు వరదకు సముద్రంలో కలిసిపోయాయి. కరువూ వరదా ఒకే క్యాలెండర్‌లో ఇమిడిపోతున్నాయి.

ఇంత చెప్పిన మీరే పాత పట్టికలు ఎందుకు వదలడం లేదన్నది నా ప్రశ్న. నది మీద తీసుకునే ప్రతి నిర్ణయానికీ ఒక పట్టిక ఉంది. ఎంత మట్టానికి ఎంత ప్రవాహం, ఎన్నేళ్లకు ఎంత వరద, జలాశయంలో ఏ మట్టం దగ్గర ఎంత నిల్వ, ఏ నెలలో ఎంత ఖాళీ ఉంచాలి, ఎవరికెంత వాటా. వీటన్నింటి పునాది ఒకే నమ్మకం: ముందు ఎలా ఉందో ఇక మీదటా నది అలాగే ఉంటుందని. ఆ నమ్మకం చెల్లదని మీ పత్రికల్లో రాసుకుని పదిహేనేళ్లు దాటింది. గేటు దగ్గర ఉన్న మనిషి చేతిలోని కాగితం మాత్రం మారలేదు. దానివల్ల మామూలు జనం మీద పడుతున్నదేమిటో వరసగా చెబుతాను.

1. గేజీ చూపేది నీటి ఎత్తు మాత్రమే. ఎంత నీరు పోతోందో తెలియాలంటే నదికి అడ్డంగా తాడు కట్టి, పడవ మీద వెళ్లి, కొన్ని మీటర్లకొకచోట లోతు చూసి, కరెంట్ మీటరు అనే ప్రవాహ వేగం చూపే పరికరాన్ని నీళ్లలోకి దింపి వేగం కొలవాలి. లోతు తక్కువైతే పైనుంచి పదింట ఆరు వంతుల దగ్గర, ఎక్కువైతే రెండు వంతుల దగ్గర ఒకసారి, ఎనిమిది వంతుల దగ్గర మరోసారి. వేర్వేరు మట్టాల దగ్గర ఏళ్ల తరబడి ఇలా కొలిస్తే ఒక వంపు గీత వస్తుంది. ఆ గీతే మన పట్టిక. ఇందులో చిక్కులు రెండు. పెద్ద వరదలో పడవ దించలేం. కాబట్టి గీత పైకొస ఎవరూ కొలవనిది, కిందికొసను చూసి పొడిగించుకున్నది. ప్రాణాల మీదికి వచ్చే చోటే మన దగ్గర ఊహ ఉంది, కొలత లేదు. రెండోది, నది అడుగు రాయిలా కూర్చోదు. ఒకచోట కోసుకుపోతుంది, ఒకచోట మేట వేస్తుంది. మా స్టేషన్‌లో అడుగు దిగిపోయాక పాత పట్టిక వరదను తక్కువ చేసి చూపింది, వేసవిలో లేని కరువును చూపింది. ఆ తప్పు అంకెల మీదే దిగువన వంతెన ఎత్తు లెక్కగట్టారు, కాలువకు ఎన్ని రోజులు నీరివ్వాలో తేల్చారు. చివరి భూముల రైతు ‘పైన నీళ్లున్నాయి, మాకెందుకు రావు’ అని అడిగితే ఆఫీసులో చూపించే కాగితం నేను రాసిన అంకెలతో తయారైందే. ఆ రైతు ముఖం చూడలేక నేను మెట్ల మీద కూర్చున్న రోజులున్నాయి.

ఒక ఒప్పుకోలు కూడా. మా గేజీ రీడర్లందరూ సత్యహరిశ్చంద్రులు కారు. చలికాలం పొద్దున మెట్లు దిగకుండా నిన్నటి అంకెకు ఒక సెంటీమీటరు తగ్గించి వేసినవాళ్లను చూశాను. తనిఖీకి ఎవరూ రాని చోట అలాగే జరుగుతుంది. జీతం నెలల తరబడి రానప్పుడు ఇంకా ఎక్కువ జరుగుతుంది.

సెన్సర్లు వచ్చాయి కదా అంటారు. సెన్సరు మీద నాకు కోపం లేదు. సెన్సరు ఉందని మనిషిని తీసేయడం మీద ఉంది. 2021 జులై 14 సాయంత్రం జర్మనీలోని ఆర్ నది మీద ఆల్టెనార్ గేజీ 5.75 మీటర్లు చూపించి, ఆ తర్వాత కొట్టుకుపోయింది. అక్కడ అంతకుముందు రికార్డు 2016లో నమోదైన 3.71 మీటర్లు. 2024 అక్టోబరు 29న స్పెయిన్‌లోని వాలెన్సియా దగ్గర పోయో వాగు గేజీ సాయంత్రం 6 గంటల 55 నిమిషాలకు సెకనుకు 2,282 ఘనపు మీటర్లు పంపింది. మన లెక్కలో 80 వేల క్యూసెక్కులు. ఆ తర్వాత దాని నుంచి అంకె రాలేదు. జనం ఫోన్లకు హెచ్చరిక వెళ్లేసరికి రాత్రి 8 దాటింది. 220 మందికి పైగా చనిపోయారు. రెండూ డబ్బున్న దేశాలే. వరద ముదిరినప్పుడు మొదట పోయేది కొలిచే పరికరం. ఉపగ్రహాలు చూస్తాయిలే అనే మాటా విన్నాను. 2022 డిసెంబరులో ప్రయోగించిన స్వాట్ ఉపగ్రహం గొప్పదే. వంద మీటర్లకు మించి వెడల్పున్న నదుల ఉపరితలాన్ని కొలుస్తుంది. కానీ దాని చుట్టు 21 రోజులు. మా వాగులు నాలుగు గంటల్లో పొంగి నాలుగు గంటల్లో తీస్తాయి.

2. ‘వందేళ్లకోసారి వచ్చే వరద’ అన్న మాటను దయచేసి జనంలో వాడకండి. నేను చూసిన ఊళ్లలో ఆ మాట చేసిన చెరుపు వరద కూడా చేయలేదు. ఒకసారి మునిగినవాళ్లు, ఇంకో వందేళ్లు రాదని ధైర్యంగా అదే చోట గోడలు లేపారు. దాని అసలు అర్థం ఏ ఏడాదైనా అంత వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని. అంటే 30 ఏళ్లు ఇంటి అప్పు కట్టే మనిషికి, ఆ అప్పు తీరేలోగా అది కనీసం ఒకసారి తలుపు తట్టే అవకాశం 26 శాతం. నాలుగింట ఒక వంతు కంటే ఎక్కువ. ఈ లెక్క నాకు చెప్పింది సెలవుల్లో మా స్టేషన్‌కు వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థి. 31 ఏళ్లలో ఏ అధికారీ చెప్పలేదు.

అది కూడా నది మారకపోతేనే. పెద్ద వరదలు దగ్గర దగ్గరగా వస్తుంటే నూటికి ఒకటి అనుకున్నది నలభైకి ఒకటో ముప్పైకి ఒకటో అయి ఉంటుంది. ఎంతయిందో తేల్చాల్సింది మీరు. పైగా పాత రికార్డు మొత్తం లెక్కలో ఉందా అంటే అదీ లేదు. ఆర్ లోయలో 1804లో, 1910లో భయంకరమైన వరదలు వచ్చాయి. క్రమంగా గేజీ కొలతలు మొదలైంది 1940ల్లో కాబట్టి ముంపు పటాలు గీసినప్పుడు ఆ రెండూ లెక్కలోకి రాలేదు. 2021లో ఆ ఒక్క లోయలోనే 130 మందికి పైగా పోయారు. గోడల మీద గీతలు, పాత కరణాల లెక్కలు, ముసలివాళ్ల నోటి మాట కూడా కొలతలేనని ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే పటంలో ముంపు రంగు ఇంకో నాలుగు వీధుల దాకా పాకేది.

ఆనకట్టల విషయం చెబితే గుండె గుభేలుమంటుంది. 2009 అక్టోబరు 2న శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. పూర్తి నీటిమట్టం 885 అడుగులైతే నీరు 896 అడుగులు దాటింది. కట్ట నిలిచింది, కర్నూలు మునిగింది. ఆ రాత్రి గేట్ల దగ్గర కాళ్లు కదపకుండా నిలబడ్డ ఇంజినీర్లకు దండం పెడతాను. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట మాత్రం నిలవలేదు. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగి ఆ నీరు కూడా వచ్చి పడింది. ఒక కట్ట తెగితే కింది కట్ట మీద ఎంత పడుతుందన్న లెక్క, రెండు కట్టలనూ విడివిడిగా చూసే పట్టికల్లో ఎక్కడా ఉండదు. పొద్దున లేచేసరికి పశువులూ, మనుషులూ, పాసుపుస్తకాలూ లేకుండా పోయినవాళ్లకు ఆ లోటు ఏమిటో అర్థమైంది.

3. పూడిక. దీన్ని గురించి పెద్దగా చెప్పను, అందరికీ తెలిసిందే, ఎవరికీ పట్టనిదే. జలాశయంలో ఇన్ని టీఎంసీలున్నాయని చెప్పే పట్టిక, చాలాచోట్ల, కట్టిననాటి అడుగును నమ్ముకుని ఉంది. ప్రపంచవ్యాప్తంగా 47 వేలకు పైగా పెద్ద ఆనకట్టలను లెక్కవేసి, 2050 నాటికి వాటి మొదటి నిల్వ సామర్థ్యంలో సుమారు 26 శాతం పూడిక కిందే పోతుందని ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం అంచనా కట్టింది. 2023లో వచ్చిన మరో పరిశోధనలో ఉపగ్రహాల సాయంతో 1,972 పెద్ద సరస్సులను, జలాశయాలను చూశారు. 1992 నుంచి 2020 దాకా వాటిలో 53 శాతంలో నీరు తగ్గింది. జలాశయాల్లో తగ్గుదలకు ముఖ్య కారణం పూడికేనని తేలింది. నారు పోసుకున్న రైతుకు ‘డ్యామ్‌లో నీరుంది’ అని చెప్పి, మార్చిలో ‘అయిపోయింది’ అంటే, ఆ మధ్యలో మాయమైన నీరు అసలు లేనే లేదు. కాగితం మీద ఉంది. విత్తనానికీ ఎరువుకూ చేసిన అప్పు మాత్రం కాగితం మీదిది కాదు.

4. ఏ నెలలో జలాశయం ఎంత నింపాలి, ఎంత ఖాళీ ఉంచాలి అన్న పట్టిక. మీరు రూల్ కర్వ్ అంటారు. జలాశయానికి ఇద్దరు యజమానులు. సాగుకూ, తాగడానికీ, కరెంటుకూ నిండుగా ఉంచమనేవాడు ఒకడు. వరదకు చోటు ఉంచమనేవాడు ఇంకొకడు. వానలు తేదీలు పాటించినంత కాలం ఈ ఇద్దరి మధ్య తేదీల ఒప్పందం నడిచింది. ఇప్పుడు సీజను చివర, జలాశయం నిండుగా ఉన్నప్పుడు తుపాను వస్తోంది. గేటు దగ్గరి ఇంజినీరు ఏం చేస్తాడు? రెండు రోజుల ముందు అంచనా చూసి నీరు వదిలాడనుకోండి, వాన రాలేదనుకోండి, విచారణ అతని మీద. వదలలేదనుకోండి, వరద వచ్చిందనుకోండి, ‘అనూహ్యం’ అన్న ఒక్క మాట చాలు, విచారణ ఉండదు. మనిషి ఏది ఎంచుకుంటాడు? చివరి నిమిషం దాకా ఆగి, కట్టకు ప్రమాదమని తెలిశాక అన్ని గేట్లూ ఒక్కసారి ఎత్తుతాడు. అర్ధరాత్రి దిగువన గుడిసెలోకి వచ్చే నీరు ఆ భయం నుంచి వచ్చిన నీరు. నేను ఆ ఇంజినీరును తిట్టను. ఆ పట్టికను అతని చేతిలో పెట్టి సంతకం మాత్రం అతని చేత చేయించినవాళ్లను తిడతాను.

దీనికి దారి లేదా? ఉంది, ఒకచోట చేసి చూపారు కూడా. కాలిఫోర్నియాలోని మెండోసినో జలాశయానికి 1959 నాటి నియమావళి ఉండేది. 2012 డిసెంబరులో భారీ వానలకు నీరు చేరితే నియమం ప్రకారం వదిలేశారు. తర్వాతి ఏడాది చినుకు లేదు, జలాశయం అడుగంటింది. అప్పుడు వాతావరణ పరిశోధకులు, నీటిని వాడుకునే సంస్థ, గేట్లు నడిపేవాళ్లు ఒకే గదిలో కూర్చున్నారు. కొన్ని రోజుల ముందటి అంచనా నమ్మకంగా ఉన్నప్పుడు నియమం నుంచి పక్కకు జరగడానికి రాతపూర్వక అనుమతి తెచ్చుకున్నారు. 2020లో 11 వేల ఎకరా–అడుగులకు పైగా, దాదాపు అర టీఎంసీ, అదనంగా మిగిలింది. కొత్త కట్ట కట్టలేదు, ఒక్క బస్తా సిమెంటు పోయలేదు. నాకు ఇందులో నచ్చింది కంప్యూటరు కాదు, ఆ రాతపూర్వక అనుమతి. తప్పినా ఒక్కడి మెడకు చుట్టుకోదన్న హామీ.

5. వాటాల పట్టిక. 1922లో అమెరికాలో కొలరాడో నదిని ఏడు రాష్ట్రాలకు పంచారు. 1944లో మెక్సికో వాటా కలిసింది. మొత్తం దాదాపు 720 టీఎంసీలు. లెక్కకు తీసుకున్న ఏళ్లు బాగా నీళ్లున్న ఏళ్లు. చెట్ల కాండంలోని వలయాల్లో పాత కాలపు తడి, కరువుల జాడ చదివినవాళ్లు 1970ల్లోనే చెప్పారు, శతాబ్దాలలో అంత తడి కాలం అరుదని. 2000 తర్వాత ఆ నదిలో సగటున పారుతున్నది 540 టీఎంసీల దగ్గర. లేని నీటికి హక్కుపత్రాలు రాసుకున్నారు. 2021 ఆగస్టులో ఆ నది చరిత్రలో తొలిసారి అధికారికంగా కొరత ప్రకటించారు. 2022 జులైలో ఆ నది మీది మీడ్ జలాశయం నింపిన నాటి నుంచి ఎన్నడూ లేనంత కిందికి దిగింది.

వాన అంతే పడినా నదిలో తక్కువ నీరు వస్తుందన్నది జనానికి అర్థం కాని సంగతి. వేడెక్కిన నేల ముందు తాను తాగుతుంది, మిగిలితే వాగుకు వదులుతుంది. ఇంకో సంగతి: మంచి ఏళ్లు గుంపుగా వస్తాయి, చెడ్డ ఏళ్లూ గుంపుగానే వస్తాయి. నైలు నది మట్టాల శతాబ్దాల రికార్డు చూసి హర్స్ట్ అనే ఇంజినీరు 1951లోనే ఈ మాట అన్నాడు. కైరోలో రోడా ద్వీపం మీద 861లో కట్టిన గేజీ స్తంభం ఇప్పటికీ ఉంది. నాలాంటివాళ్లు అక్కడ వందల ఏళ్లు మెట్లు దిగారు కాబట్టే ఆ మాట అనగలిగాడు. ఇరవై, ముప్పై ఏళ్ల మంచి గుంపు చూసి వాటాలు రాస్తే చెడ్డ గుంపు వచ్చినప్పుడు కోత పడేది ఎప్పుడూ కాలువ కొసన, కుళాయి కొసన. 2018 ఫిబ్రవరిలో కరువు పట్టిన దక్షిణాఫ్రికా నగరం కేప్‌టౌన్‌లో మనిషికి రోజుకు 50 లీటర్లే వాడమన్నారు. బోరు వేసుకోగలిగినవాళ్లు బోరు వేసుకున్నారు. మిగతావాళ్లు క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

6. పరిశోధకులకు విడిగా ఒక మాట. డెర్నా ఎగువన ఉన్న రెండు ఆనకట్టలకు మరమ్మతు అత్యవసరమని, పెద్ద వరద వస్తే దిగువ జనానికి ఘోరం జరుగుతుందని లిబియా విశ్వవిద్యాలయ పరిశోధకుడే 2022లో పత్రం రాశాడు. 2023 సెప్టెంబరు 10, 11 మధ్య రాత్రి ఆ రెండూ తెగాయి. దగ్గర్లోని అల్ బైదాలో 24 గంటల్లో 414 మిల్లీమీటర్లు కురిసింది. వేలమంది చనిపోయారు. సిక్కింలో సౌత్ ల్హోనక్ హిమానీ సరస్సు ప్రమాదకరంగా పెరుగుతోందని ఏళ్లుగా పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. అది 2023 అక్టోబరు 4 తెల్లవారుజామున గట్టు తెంచుకుని తీస్తా–3 ఆనకట్టను తుడిచిపెట్టింది. పత్రం రాయడంతో మీ బాధ్యత తీరిపోయిందని మీరనుకుంటే, పుస్తకంలో అంకె వేసి నిద్రపోయే గేజీ రీడరుకూ మీకూ తేడా ఏముంది? ఈ మాట కటువుగా ఉంటే క్షమించండి. వెనక్కి మాత్రం తీసుకోను.

ఇక మా కోరికలు. మా అంటే నదికి కిందివైపు ఉండేవాళ్లవి.

1. పెద్ద వరద పోయిన ప్రతిసారీ గేజీ స్టేషన్ దగ్గర నది క్రాస్ సెక్షన్, అంటే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా అడుగు ఆకారం, మళ్లీ కొలవాలి, పట్టిక సరిచేయాలి. ప్రవాహం అంకె ప్రకటించిన ప్రతిచోటా, ఆ పట్టిక ఏ ఏడాది కొలతలతో చేసిందో పక్కనే రాయాలి. మందు సీసా మీద తేదీ వేస్తారు, దీనికి ఎందుకు వేయరు?

2. సెన్సరు ఉన్న ముఖ్యమైన స్టేషన్లలో కూడా శిక్షణ పొందిన మనిషి ఉండాలి, అతనికి నెలనెలా జీతం రావాలి.

3. మట్టాలు, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో, నిల్వ అంకెలు అదే గంటలో అందరికీ తెరిచి ఉంచాలి. జలశాస్త్ర సమాచారాన్ని దేశాలు ఉచితంగా పంచుకోవాలని ప్రపంచ వాతావరణ సంస్థ 1999లో తీర్మానించింది, 2021లో ఆ మాటను మరింత గట్టిపరిచింది. దేశాల మధ్య పంచుకోమన్నది సొంత జనం దగ్గర దాచడం ఏ న్యాయం? మా ఇంట్లోకి వచ్చే నీటి అంకె మాకు రహస్యం కాకూడదు.

4. ప్రతి పెద్ద ఆనకట్టకు డిజైన్ వరదను, అంటే కట్ట తట్టుకోవాలని లెక్కవేసిన పెద్ద వరదను, కొత్త వానల లెక్కలతో, ఎగువ కట్ట తెగితే ఏమవుతుందన్న లెక్కతో కలిపి మళ్లీ వేయాలి. ఫలితం ఎంత చేదైనా ప్రకటించాలి. గేజీలు రాకముందటి వరదల గుర్తులను, నోటి చరిత్రను ఆ లెక్కలో చేర్చాలి. ముంపు పటాలు దిగువ ఊళ్లలో గోడల మీద ఉండాలి, కార్యాలయం బీరువాలో కాదు.

5. పూడిక సర్వే పదేళ్లకు మించి ఆలస్యం కాకూడదు. సర్వే అయ్యాక ఆయకట్టుకు చెప్పే లెక్క కూడా వెంటనే మారాలి. సర్వే చేసి, పాత అంకెతోనే నీటి ప్రకటన ఇచ్చిన సందర్భాలు నాకు తెలుసు.

6. వర్ష సూచనను చూసి ముందుగా నీరు వదలడానికి ప్రతి జలాశయానికీ రాతపూర్వక విధానం ఉండాలి. దాని ప్రకారం నడుచుకున్న ఇంజినీరుకు, వాన రాకపోయినా, రక్షణ ఉండాలి. ముందుగా వదిలిన నీటివల్ల తర్వాత కొరత వస్తే ఆ భారం ఆయకట్టు రైతు ఒక్కడి మీద పడకుండా పరిహారం కూడా అందులోనే రాసి ఉండాలి.

7. వానాకాలానికి ముందు ప్రతి గేటునూ, బయటి కరెంటు ఆపేసి, జనరేటరుతోనూ చేత్తోనూ ఎత్తి చూపాలి, దిగువ గ్రామాల ప్రతినిధుల కళ్ల ముందు. 1982 అక్టోబరు 20న స్పెయిన్‌లో తూస్ ఆనకట్ట తెగింది. వరద రోజున కరెంటు పోయి గేట్లు ఎత్తలేకపోయారు.

8. హెచ్చరికలో క్యూసెక్కులు చెబితే మాకేం అర్థమవుతుంది? ‘మీ వీధిలో మూడో కరెంటు స్తంభం దాకా, రాత్రి పదకొండుకు, మోకాలి లోతు’ అని చెప్పండి. 2027 చివరికల్లా ప్రతి మనిషికీ ముందస్తు హెచ్చరిక అందిస్తామని ఐక్యరాజ్యసమితి 2022లో ప్రకటించింది. ఆ గడువు దగ్గర పడింది.

9. ఒక నది మీదనో ఆనకట్ట మీదనో పరిశోధన చేసినవాళ్లు, దాని కింద బతికేవాళ్ల భాషలో రెండు పేజీలు రాసి ఆ ఊళ్లలో చదివి వినిపించాలి. పరిశోధనకు డబ్బిచ్చే సంస్థలు దీన్ని షరతుగా పెట్టాలి.

ఇవేవీ కొత్త ఆనకట్టలు అడగడం లేదని గమనించే ఉంటారు. కొలవమని, చెప్పమని, మార్చమని అడుగుతున్నాం. వచ్చే వానాకాలం మొదలయ్యేలోగా వీటిలో ఏది చేస్తారు, ఏది చేయలేరు, ఎందుకు చేయలేరు అన్నది అంశాల వారీగా బహిరంగంగా జవాబివ్వండి. చేయలేం అన్న జవాబైనా మాకు పనికొస్తుంది. కనీసం మా సామాన్లు పైఅటక మీదకు ఎక్కించుకుంటాం.

ఇట్లు,
ఒక మాజీ గేజీ రీడరు

తా.క.: నేను రాసిన నోటు పుస్తకాల నకళ్లు 31 ఏళ్లవి ఇనప్పెట్టెలో ఉన్నాయి. పెద్ద వరదలప్పుడు నీరు గోడ మీద ఎక్కడిదాకా వచ్చిందో కొలిచి వేసిన బొమ్మలు, నది అడుగు మారిందని అనుమానం వచ్చిన తేదీలు వాటిలో ఉన్నాయి. ఆఫీసు రికార్డులో అవి లేవు, ఎవరూ అడగలేదు కాబట్టి. కావలసిన పరిశోధకులు వచ్చి ఫొటోలు తీసుకోవచ్చు. రెండు పుస్తకాలకు చెదలు మొదలైంది, కాస్త త్వరగా రండి.